గడ్డ మళ్లీ వస్తుందా? జీవితమంతా ఆ ప్రశ్న వెంటే నడిచిన డాక్టర్ కుషింగ్

మీ ఇంట్లోనో, బంధువుల్లోనో మెదడులో గడ్డకు ఆపరేషన్ అయినవాళ్లుంటే ఈ సంగతి మీకు తెలిసే ఉంటుంది. గాయం మానుతుంది, కుట్లు విప్పుతారు, మనిషి లేచి తిరుగుతాడు, నాలుగు ముద్దలు తింటాడు. కానీ ఒక ప్రశ్న మాత్రం ఇంట్లో తిష్ఠ వేసుకుని కూర్చుంటుంది. గడ్డ మళ్లీ వస్తుందా? వస్తే ఎప్పుడు? ముందే తెలుసుకునే దారేమైనా ఉందా?

ఇవాళ ఈ ప్రశ్నకు కొంతవరకు జవాబు చెప్పగలుగుతున్నాం. తీసిన గడ్డ ముక్కలోని జన్యు మార్పులను పరీక్షించి, ఇది మొండిదా నెమ్మదైనదా, ఏ చికిత్సకు లొంగుతుందో అంచనా వేస్తున్నాం. వీటినే బయోమార్కర్లు అంటాం. తెలుగులో జీవసూచికలు అనుకోండి. అయితే ఈ పరీక్షలేవీ లేని రోజుల్లోనే, మైక్రోస్కోపు, నోటు పుస్తకం తప్ప చేతిలో పెద్దగా ఏమీ లేకుండానే, ఈ ప్రశ్న వెంట నలభై ఏళ్లు నడిచిన మనిషి ఒకరున్నారు. ఆయనే హార్వే కుషింగ్, అమెరికా సర్జన్.

స్టెరాయిడ్లు ఇష్టారాజ్యంగా వాడితే ముఖం చంద్రబింబంలా ఉబ్బిపోతుందని, దాన్ని కుషింగ్స్ సిండ్రోమ్ అంటారని మీరు ఎక్కడో చదివే ఉంటారు. ఆ పేరు ఈయనదే. మెదడు ఆపరేషన్లకు ఒక శాస్త్రం హోదా తెచ్చినవాళ్లలో మొదటి వరసలో ఉండేదీ ఈయనే. కానీ ఇవాళ మెదడు గడ్డ ఉన్నవాళ్లకు ఎక్కువగా అక్కరకొస్తున్నది ఆయన రెండు అలవాట్లు. తీసిన ముక్కను పారేయకపోవడం ఒకటి. ఇంటికి పంపిన మనిషిని మరిచిపోకపోవడం రెండోది. ఆయన కథ తెలిస్తే మీ ఫైల్లోని బయాప్సీ రిపోర్టును మీరు చూసే తీరే మారుతుంది.

పదో బిడ్డ, నాలుగో తరం

కుషింగ్ 1869 ఏప్రిల్ 8న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, క్లీవ్‌లాండ్‌లో పుట్టారు. పదిమంది పిల్లల్లో ఆఖరివారు. తండ్రి, తాత, ముత్తాత అందరూ వైద్యులే. యేల్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివారు. బేస్‌బాల్ బాగా ఆడేవారు, బొమ్మలు ఇంకా బాగా గీసేవారు. ఆ బొమ్మలు గీసే చేయి తర్వాత రోజుల్లో ఎంత పనికొచ్చిందంటే, ప్రతి ఆపరేషన్ అయిన వెంటనే గడ్డ ఎక్కడుందో, ఎలా ఉందో, ఎంత తీశారో తానే కాగితం మీద గీసిపెట్టేవారు.

1895లో హార్వర్డ్‌లో వైద్యవిద్య ముగించారు. ఆ చదువు రోజుల్లోనే ఆయన్ని కుదిపేసిన ఘటన ఒకటి జరిగింది. అప్పట్లో మత్తు ఇచ్చే పని వైద్య విద్యార్థులకే అప్పగించేవారు. శిక్షణ ఉండేది కాదు. కుషింగ్ ఈథర్ ఇస్తుండగా ఒక రోగి ఆపరేషన్ థియేటర్‌లోనే చనిపోయాడు. వైద్యం చదువే మానేద్దామనుకున్నంత బాధపడ్డారాయన. మానలేదు. తోటి విద్యార్థి ఎర్నెస్ట్ కాడ్‌మన్‌తో కలిసి, మత్తులో ఉన్నంతసేపూ రోగి నాడి, శ్వాస ఎలా ఉన్నాయో కాగితం మీద రాయడం మొదలుపెట్టారు. 1894 నాటి ఆ కాగితాలే ఇప్పుడు ప్రతి ఆపరేషన్ థియేటర్‌లో కనిపించే అనస్తీషియా చార్టుకు తొలి రూపం.

కాడ్‌మన్ పేరును కూడా గుర్తుపెట్టుకోండి. ఆపరేషన్ విజయం డిశ్చార్జి రోజున తేలదని, ఏడాది తర్వాత రోగి ఎలా ఉన్నాడో చూసి తేల్చాలని పట్టుబట్టిన సర్జన్ ఆయన. ఆ రోజుల్లో ఈ మాట పెద్ద ఆసుపత్రులకు రుచించలేదు. స్నేహితులిద్దరివీ దారులు వేరయ్యాయి కానీ ఆలోచన ఒకటే. రాసిపెట్టు, వెంటపడి కనుక్కో.

పోయిన ముక్క నేర్పిన పాఠం

1896లో కుషింగ్ బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి చేరి, విలియం హాల్‌స్టెడ్ దగ్గర సర్జరీ నేర్చుకున్నారు. హాల్‌స్టెడ్ పద్ధతిలో తొందరపాటు ఉండదు. నెత్తురు వృథాగా పోకుండా, కణజాలం నలగకుండా, గంటలు పట్టినా సరే మెల్లగా చేయాలి. మెదడు లాంటి సున్నితమైన అవయవానికి సరిగ్గా కావలసింది ఆ ఓపికే.

1900లో యూరప్ వెళ్లారు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో థియోడర్ కోకర్ దగ్గర పనిచేస్తూ, పుర్రె లోపల ఒత్తిడి పెరిగితే బీపీ కూడా పెరుగుతుందని ప్రయోగాలతో చూపించారు. తలకు దెబ్బ తగిలిన మనిషికి బీపీ పెరిగి, నాడి నెమ్మదించిందంటే ఈనాటికీ మేం ఉలిక్కిపడేది ఈ కుషింగ్ రిఫ్లెక్స్‌ను తలచుకునే. తిరిగొచ్చేముందు ఇటలీలోని పావియాలో రీవా-రోచీ తయారుచేసిన బీపీ పట్టీని చూసి, దాని నమూనాను అమెరికాకు తీసుకెళ్లారు. 1902లో కాథరిన్ క్రోవెల్‌తో పెళ్లయింది. ఐదుగురు పిల్లలు.

ఆ ఏడాదే ఒక చిన్న విషయం జరిగింది. చిన్నదే, కానీ ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. ఒక రోగి పిట్యూటరీ గ్రంథి దగ్గర ఉన్న తిత్తి నుంచి తీసిన ముక్కను పరీక్షకు పంపితే, అది ఎక్కడో పోయింది. ఎంత వెతికినా దొరకలేదు. ఆ గడ్డ ఏ రకమో తెలుసుకునే అవకాశం దాంతోపాటే పోయింది. కుషింగ్‌కు కోపం వచ్చింది. అప్పటినుంచి తన చేతి మీదుగా తీసిన ప్రతి ముక్కనూ తన దగ్గరే ఉంచుకుంటానని పట్టుబట్టి ఒప్పించుకున్నారు. గాజు జాడీల్లో, స్లైడ్ల మీద, మైనపు బ్లాకుల్లో అలా పోగుపడుతూ వచ్చిందే కుషింగ్ ట్యూమర్ రిజిస్ట్రీ. పేషెంటు ఫొటోలు, కేసు కాగితాలు, ఆయన గీసిన బొమ్మలు కూడా వాటితోపాటే చేరాయి.

జనరల్ గారి తల

1910 నాటికి మెదడు ఆపరేషన్ అంటే జనం ఆశ వదులుకునే పరిస్థితి. చాలామంది థియేటర్‌లోనో, ఆ తర్వాత కొద్ది రోజులకో చనిపోయేవారు. అలాంటి రోజుల్లో అమెరికా సైన్యంలో పేరుమోసిన జనరల్ లియోనార్డ్ వుడ్ కుషింగ్ దగ్గరికొచ్చారు. ఈ వుడ్ కూడా హార్వర్డ్‌లో చదివిన డాక్టరే. వైద్యుడిగా సైన్యంలో చేరి, సేనాధిపతి అయ్యారు. క్యూబాలో పనిచేస్తున్నప్పుడు ఆయన తల పైనున్న దీపాల గుత్తికి బలంగా తగిలింది. తర్వాత కొన్నేళ్లకు తల మీద వాపు కనిపించింది. ఎడమ కాలు కొట్టుకోవడం, ఫిట్స్ రావడం మొదలైంది. 1905లో ఒక సర్జన్ పుర్రె ఎముకలో ఉబ్బిన భాగాన్ని తొలగించారు. అడుగున ఉన్న అసలు గడ్డ అలాగే ఉండిపోయింది.

కుషింగ్ 1910 ఫిబ్రవరిలో రెండు విడతలుగా ఆపరేషన్ చేసి ఆ గడ్డను తీశారు. అది మెదడుది కాదు, మెదడును కప్పి ఉంచే పొర నుంచి పుట్టిన గడ్డ. వుడ్ కోలుకున్నారు. కొద్ది వారాల్లోనే అమెరికా సైన్యాధిపతి బాధ్యతలు తీసుకున్నారు. 1920లో దేశాధ్యక్ష పదవికి రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిత్వం కోసం పోటీపడేదాకా వెళ్లారు. 1921లో ఫిలిప్పీన్స్‌కు గవర్నర్ జనరల్‌గా వెళ్లారు. మెదడు ఆపరేషన్ తర్వాత మనిషి మామూలుగా బతకగలడని లోకానికి చూపిన ఉదాహరణ ఆయన. కుషింగ్ పేరు మారుమోగింది.

కథ ఇక్కడే ఆగితే ఇది ఒక విజయగాథ. కానీ ఆగలేదు. వుడ్ దగ్గరికి మళ్లీ వద్దాం.

లెక్కల పుస్తకం పట్టుకున్న మహిళ

1912లో కుషింగ్ బోస్టన్ వెళ్లారు. హార్వర్డ్‌లో ప్రొఫెసర్‌గా, కొత్తగా కట్టిన పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో ప్రధాన సర్జన్‌గా ఇరవై ఏళ్లు పనిచేశారు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫ్రాన్స్, బెల్జియం యుద్ధరంగాల్లో తలకు గాయాలైన సైనికులకు ఆపరేషన్లు చేశారు. అక్కడే 1918లో జబ్బుపడి, కాళ్లూ చేతుల్లో పట్టు తగ్గింది. ఆ నడక ఇబ్బంది ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

బోస్టన్‌లో ఆయన దగ్గర సహాయకురాలిగా చేరిన లూయీజ్ ఐజెన్‌హార్ట్ అనే యువతి, గడ్డల మీద ఆసక్తి పెరిగి వైద్యం చదివి, 1925లో డాక్టరై, ఆయన దగ్గరికే పాథాలజిస్టుగా తిరిగొచ్చారు. ప్రతి గడ్డ పేరు, ఆపరేషన్ తేదీ, ఆ తర్వాత రోగికి ఏమైందీ ఒక చిన్న పుస్తకంలో రాసిపెట్టేవారు. ఇంటికెళ్లిన రోగులు ఏటా ఆపరేషన్ అయిన తేదీకి ఎలా ఉన్నారో ఉత్తరం రాయాలని కుషింగ్ కోరేవారు. ఉత్తరాలు వచ్చేవి. కొందరివి ఏళ్ల తరబడి వచ్చేవి. కొందరివి ఆగిపోయేవి. ఆగిపోయిన ఉత్తరం కూడా ఒక సమాచారమే.

ఈ వివరాల విలువ మరో సహచరుడు పెర్సివల్ బెయిలీ చేతిలో బయటపడింది. దాచిన ముక్కలను బెయిలీ కొత్త రంగులతో మైక్రోస్కోపు కింద చూశారు. ఏ ముక్క ఎవరిదో, ఆ మనిషి ఎన్నాళ్లు బతికాడో రికార్డుల్లో ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టారు. అంతకుముందు దాకా గ్లియోమా అంటే ఒకటే పేరు, ఒకటే భయం. 1926లో బెయిలీ, కుషింగ్ కలిసి వేసిన పుస్తకం ఆ ఒక్క పేరును చాలా రకాలుగా విడగొట్టింది. కొన్ని గ్లియోమాలున్నవారు ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి బతికారు. గ్లియోబ్లాస్టోమా ఉన్నవారు సగటున ఏడాది అటూఇటూ. సర్జన్ ఒకరే, కత్తి ఒకటే. తేడా ఉన్నది కణంలో.

చిన్నపిల్లల చిన్నమెదడులో వచ్చే గడ్డల సంగతి ఇంకా స్పష్టం. అక్కడ వచ్చే ఆస్ట్రోసైటోమాను తీసేస్తే చాలామంది పిల్లలు నిక్షేపంగా పెరిగి పెద్దయ్యారు. అదే చోట వచ్చే మరో గడ్డ తీసినా తీసినా తిరిగొచ్చేది. దానికి 1925లో బెయిలీ, కుషింగ్ పెట్టిన పేరు మెడుల్లోబ్లాస్టోమా. ఇప్పటికీ అదే పేరు వాడుతున్నాం.

మన రైతులకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. కొన్ని కలుపు మొక్కలు ఒకసారి పీకితే పోతాయి. తుంగ అలా కాదు. పైన ఎంత శుభ్రంగా పీకినా మట్టిలో గడ్డ మిగిలితే మళ్లీ మొలుస్తుంది. పీకే ముందే అది తుంగా కాదా అని తెలిస్తే రైతు పని వేరుగా ఉంటుంది. మెదడు గడ్డ విషయంలో ఆ గుర్తింపుకు తొలి మెట్టు వేసినవాళ్లు వీళ్లు.

1926, 1927: గెలుపు, కడుపుకోత, ఓటమి

1926 కుషింగ్ జీవితంలో విచిత్రమైన ఏడాది. తన గురువులాంటి డాక్టర్ విలియం ఆస్లర్ మీద రాసిన జీవితచరిత్రకు పులిట్జర్ బహుమతి వచ్చింది. జూన్‌లో పెద్దకొడుకు విలియం కారు ప్రమాదంలో చనిపోయాడు. కబురు అందిన రోజున కూడా కుషింగ్ ముందే అనుకున్న ఆపరేషన్ పూర్తిచేశారు. అక్టోబర్‌లో విలియం బోవీ అనే శాస్త్రవేత్త తయారుచేసిన విద్యుత్ కత్తిని మెదడు ఆపరేషన్‌లో వాడారు. కోస్తూనే నెత్తురును ఆపే ఆ పరికరంతో, అంతకుముందు రక్తస్రావానికి భయపడి వదిలేసిన గడ్డలను కూడా తీయగలిగారు. పాత రోగులు కొందరిని వెనక్కి పిలిపించి మరీ చేశారు.

1927లో ఫిలిప్పీన్స్ నుంచి జనరల్ వుడ్ తిరిగొచ్చారు. ఎడమవైపు బలహీనత పెరిగింది, చూపు మందగించింది, ఫిట్స్ వస్తున్నాయి. గడ్డ మళ్లీ పెరిగింది. మొదటి ఆపరేషన్ అయి 17 ఏళ్లు. కుషింగ్ మళ్లీ కత్తి పట్టారు. ఆపరేషన్ గంటల తరబడి సాగింది. అది ముగిసిన కొన్ని గంటల్లోనే మెదడులో రక్తస్రావమై ఆగస్టు 7న వుడ్ కన్నుమూశారు. కుషింగ్‌ను అంతగా కుంగదీసిన మరణాలు తక్కువ.

వుడ్‌కు వచ్చిన ఈ గడ్డల జాతికి 1922లో మెనింజియోమా అని పేరు పెట్టింది కుషింగే. చాలావరకు ఇవి క్యాన్సర్ కావు. నెమ్మదిగా పెరుగుతాయి. అయినా వుడ్ గడ్డ ఎందుకు తిరిగొచ్చింది? అది నడినెత్తిన ఉండే పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉన్న గడ్డ. అక్కడ పూర్తిగా గీకేయడం ప్రాణాలతో చెలగాటం. మిగిలిన కణాలు ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా పెరుగుతాయి. డొనాల్డ్ సింప్సన్ అనే సర్జన్ 1957లో ఈ సంగతిని లెక్కలతో చూపించారు. గడ్డతోపాటు అది అంటుకున్న పొర, ఎముక కూడా తీసేస్తే తిరగబెట్టింది దాదాపు 9 శాతం మందిలోనే. కొంత గడ్డ వదిలేయాల్సి వస్తే దాదాపు 40 శాతం మందిలో.

ఇక్కడ మీరు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. క్యాన్సర్ కాదన్నారు కదా అని స్కాన్‌కు వెళ్లడం మానకూడదు. వుడ్‌కు 17 ఏళ్ల తర్వాత వచ్చింది.

చివరి రోజులు, జాడీల గది

1931 ఏప్రిల్‌లో కుషింగ్ రెండు వేలో మెదడు గడ్డ ఆపరేషన్ చేశారు. ఆయన చేతిలో ఆపరేషన్ మరణాలు పదిశాతం లోపుకు దిగాయి. మరుసటి ఏడాది పిట్యూటరీలోని చిన్న గడ్డ వల్ల వచ్చే జబ్బును వివరించారు. అదే కుషింగ్స్ డిసీజ్. ఆ ఏడాదే బోస్టన్‌లో పదవీ విరమణ చేసి, తర్వాత తాను చదివిన యేల్‌కు చేరారు. జాడీలు, స్లైడ్లు, కాగితాలు అన్నీ ఆయన వెంటే యేల్ వెళ్లాయి. ఐజెన్‌హార్ట్ కూడా వెళ్లారు. ఇద్దరూ కలిసి 1938లో మెనింజియోమాల మీద పెద్ద గ్రంథం వెలువరించారు. ఒక్కో రోగి కథను చివరిదాకా చెప్పిన పుస్తకమది. వుడ్ కథ కూడా అందులో ఉంది.

సిగరెట్లు మానలేకపోయిన కుషింగ్‌కు కాళ్లలో రక్తనాళాలు మూసుకుపోయి ఎంతో బాధపడ్డారు. 1939 అక్టోబర్ 7న గుండెపోటుతో కన్నుమూశారు. పోస్టుమార్టంలో ఆయన మెదడు లోపల, మూడో జఠరికలో సెంటీమీటరు పరిమాణంలో ఒక తిత్తి బయటపడింది. రెండు వేలకు పైగా మెదడు గడ్డలు తీసిన మనిషి తలలోనే ఒక గడ్డ ఉండింది. దాన్ని ఆయన జీవితకాలంలో ఎవరూ గుర్తించలేదు.

ఆయన పోయాక జాడీలకు కష్టకాలం వచ్చింది. ఐజెన్‌హార్ట్ ఉన్నన్నాళ్లు కాపాడారు. తర్వాత కాలం మారింది. రెండువేల రెండువందల మందికి పైగా రోగుల వివరాలు, వందలాది మెదళ్లు, వేలాది గాజు ఫొటో ఫలకాలు ఒక విద్యార్థి వసతిగృహం నేలమాళిగలో దుమ్ము కొట్టుకుంటూ పడి ఉన్నాయి. 1990ల్లో వైద్య విద్యార్థులు దొంగచాటుగా లోపలికెళ్లి చూసి నివ్వెరపోయారు. శుభ్రం చేసి, సర్ది, 2010లో యేల్ వైద్య గ్రంథాలయంలో కుషింగ్ సెంటర్‌గా తెరిచారు. జనరల్ వుడ్ మెదడు కూడా ఆ సేకరణలో ఉంది.

మైక్రోస్కోపు ఆగినచోట జన్యువు

కుషింగ్, బెయిలీ కణం ఆకారం చూసి భవిష్యత్తు చెప్పే ప్రయత్నం చేశారు. దాదాపు తొంభై ఏళ్లు ప్రపంచమంతా ఆ దారినే నడిచింది. కానీ ఆకారం కొన్నిసార్లు మోసం చేస్తుంది. ఒకేలా కనిపించిన రెండు గడ్డల్లో ఒకటి ఏడాదిలో తిరిగొస్తే, ఇంకొకటి పదేళ్లు ఊరుకునేది. ఎందుకో జన్యువులు చూశాక తెలిసింది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి మెదడు గడ్డల వర్గీకరణలో జన్యు పరీక్షలను చేర్చి, 2021లో వాటికి మరింత ప్రాధాన్యం ఇచ్చింది. మీ రిపోర్టులో కనిపించే ముఖ్యమైన పేర్లు ఇవీ.

ఐడీహెచ్: 2008లో గుర్తించిన మార్పు. గ్లియోమాలో ఈ మార్పు ఉంటే గడ్డ సాధారణంగా నెమ్మదిగా సాగుతుంది. పెద్దవాళ్లలో ఈ మార్పు లేని గ్లియోమా చాలావరకు దూకుడు స్వభావం చూపుతుంది. ఇక్కడ ఒక తికమక ఉంది. మామూలుగా జన్యుమార్పు అనగానే చెడ్డది అనుకుంటాం. ఇక్కడ మార్పు ఉండటమే మేలు.

1పీ/19క్యూ: ఈ రెండు క్రోమోజోమ్ భాగాలు రెండూ పోయి ఉంటే అది ఆలిగోడెండ్రోగ్లియోమా. రేడియేషన్‌కు, కీమోకు బాగా లొంగే రకం.

ఎంజీఎంటీ: టెమోజోలోమైడ్ అనే మందు గడ్డ కణాల డీఎన్ఏను దెబ్బతీస్తుంది. ఎంజీఎంటీ ఆ దెబ్బను బాగుచేసే మరమ్మతు పనివాడు. మిథైలేషన్ ఉందంటే ఈ పనివాడి నోరు కట్టేసినట్టు. మందు బాగా పనిచేస్తుంది. 2005లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, గ్లియోబ్లాస్టోమాకు రేడియేషన్‌తోపాటు ఈ మందు తీసుకున్నవారిలో మిథైలేషన్ ఉన్నవాళ్లు రెండేళ్ల తర్వాత 46 శాతం మంది జీవించి ఉన్నారు. లేనివాళ్లలో 14 శాతం మందే.

సీడీకేఎన్2ఏ/బి: కణం అదుపు లేకుండా విడిపోకుండా ఆపే బ్రేకు లాంటిది. ఇది పూర్తిగా పోతే గడ్డ మొండిదే. ఐడీహెచ్ మార్పు ఉన్న ఆస్ట్రోసైటోమాలో ఇది పోయి ఉంటే, మైక్రోస్కోపులో ఎంత నెమ్మదిగా కనిపించినా గ్రేడ్ 4గానే లెక్కిస్తారు.

కేఐ-67: ఎన్ని కణాలు విడిపోయే పనిలో ఉన్నాయో శాతంలో చెబుతుంది. ఎక్కువ ఉంటే పెరుగుదల వేగం ఎక్కువ.

వుడ్‌కు వచ్చిన మెనింజియోమాలోనూ ఇప్పుడు జన్యువులు చూస్తున్నారు. టెర్ట్ ప్రమోటర్ మార్పు గానీ, సీడీకేఎన్2ఏ/బి పూర్తిగా పోవడం గానీ కనిపిస్తే త్వరగా తిరగబెట్టే ముప్పు ఎక్కువని 2021 వర్గీకరణలో దాన్ని గ్రేడ్ 3లో చేర్చారు. కుషింగ్ పేరుపెట్టిన మెడుల్లోబ్లాస్టోమా కూడా ఒకటి కాదని తేలింది. డబ్ల్యూఎన్‌టీ రకం ఉన్న పిల్లలు ఎక్కువమంది బాగుపడతారు. గ్రూప్ 3లో మిక్ జన్యువు ఎక్కువైతే ముప్పు ఎక్కువ. ఒకప్పుడు ఒకే గదిలో కూర్చోబెట్టిన పిల్లలకు ఇప్పుడు వేర్వేరు తీవ్రతతో చికిత్స ఆలోచిస్తున్నాం.

మార్కర్ చెప్పలేనిది

ఇవన్నీ చదివి, మార్కర్ బాగుంటే ఇక నిశ్చింత, బాగోలేకపోతే అంతా అయిపోయింది అనుకోకండి. మార్కర్ చెప్పేది వందమందిలో ఎంతమందికి ఎలా జరగొచ్చో. మీ ఇంట్లో మనిషికి ఏం జరుగుతుందో కాదు. వయసు, గడ్డ ఉన్న చోటు, ఎంత తీయగలిగారు, మనిషి ఓపిక, ఇవన్నీ కలిపి చూడాలి.

రెండో మాట. రేడియేషన్ అయిన మొదటి కొన్ని నెలల్లో ఎమ్మారైలో గడ్డ పెరిగినట్టు కనిపించినా, అది నిజంగా గడ్డ కాకపోవచ్చు. చికిత్స వల్ల వచ్చిన వాపు కూడా అలాగే కనిపిస్తుంది. కంగారుపడి మందులు ఆపకండి. డాక్టర్లు పెర్ఫ్యూజన్ లాంటి ప్రత్యేక స్కాన్లు చేసో, కొన్ని వారాల తర్వాత మళ్లీ స్కాన్ చూసో తేలుస్తారు.

మూడోది, రక్తపరీక్షతో గడ్డ తిరిగొచ్చిందో లేదో చెప్పేస్తామనే ప్రకటనలు. మెదడుకూ రక్తానికీ మధ్య గట్టి కాపలా ఉంటుంది. అందుకే మెదడు గడ్డ డీఎన్ఏ రక్తంలో చాలా తక్కువగా దొరుకుతుంది. వెన్నునీటిలో కాస్త మెరుగు. పరిశోధనలు సాగుతున్నాయి కానీ, రోజువారీ వైద్యంలో ఎమ్మారై స్థానాన్ని ఇంకా ఏ రక్తపరీక్షా తీసుకోలేదు.

మీరు చేయాల్సింది

ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో నేను తరచూ చూసేది ఇది. ఎక్కడో ఆపరేషన్ చేయించుకుని, మూడేళ్లకో నాలుగేళ్లకో మళ్లీ ఫిట్స్‌తో వస్తారు. చేతిలో మందుల చీటీ ఉంటుంది. బయాప్సీ రిపోర్టు ఉండదు. ముక్క ఎక్కడుందో ఎవరికీ తెలియదు. 1902లో కుషింగ్‌కు పోయింది ఒక ముక్కే. మనకు ఇప్పటికీ పోతూనే ఉన్నాయి.

అందుకే ఈ నాలుగూ మరవకండి. ఒకటి, హిస్టోపాథాలజీ రిపోర్టు తీసుకోకుండా ఆసుపత్రి వ్యవహారం ముగిసిందనుకోవద్దు. డిశ్చార్జి రోజుకు అది రాకపోతే, ఎప్పుడు వస్తుందో అడిగి ఆ రోజు వెళ్లి తెచ్చుకోండి. జిరాక్సు ఇంకోచోట పెట్టండి, ఫోన్లో ఫొటో తీసుకోండి.

రెండు, మీ గడ్డ ముక్క మైనపు బ్లాకు రూపంలో ఏ పాథాలజీ విభాగంలో ఉందో, దాని నంబరెంతో రాసుకోండి. మార్కర్ పరీక్షలు మీరు ఆపరేషన్ చేయించుకున్న చోట లేకపోవచ్చు. ఆ బ్లాకును పరీక్ష ఉన్న చోటికి పంపి చేయించవచ్చు. అవసరమైతే ఏళ్ల తర్వాత కూడా. ఏ పరీక్ష మీకు నిజంగా అవసరమో మీ న్యూరోసర్జన్‌నో, ఆంకాలజిస్టునో అడగండి. చికిత్సను మార్చని పరీక్షకు డబ్బు పోయక్కర్లేదు.

మూడు, స్కాన్ తేదీలు. దూకుడు గడ్డలకు సాధారణంగా రెండు మూడు నెలలకోసారి, నెమ్మదైనవాటికి ఆరు నెలలకో ఏడాదికో ఎమ్మారై చేయిస్తారు. పాత స్కాన్ సీడీలు కూడా తీసుకెళ్లండి. పక్కపక్కన పెట్టి చూస్తేనే పెరిగిందా లేదా తెలిసేది.

నాలుగు, కొత్తగా ఫిట్స్, తెల్లవారుజామున తలనొప్పి వాంతులు, ఒకపక్క చేయి కాలు పట్టు తగ్గడం, మాట తడబడటం, చూపు మందగించడం కనిపిస్తే తర్వాతి స్కాన్ తేదీ దాకా ఆగకండి. వెంటనే రండి.

కుషింగ్ తన రోగుల్ని అడిగింది ఏడాదికి ఒక్క ఉత్తరం. ఇప్పుడు ఉత్తరాలు రాయనక్కర్లేదు. ఆపరేషన్ అయిన తేదీని ఇంట్లో గోడ మీది క్యాలెండర్లో ఎర్రసిరాతో గుర్తుపెట్టుకోండి. బాగున్నా సరే, ఏటా ఆ రోజుకు ఫైలు చంకన పెట్టుకుని మీ డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్లిరండి.